తాత్కాలిక ఫైలుకు పేరు పెట్టడం: ఒక్క పంక్తి మార్పు వెనుక ఉన్న శాస్త్రం

కంప్యూటరు మీద మనం ఒక ఉత్తరం వ్రాసినా, ఒక ఛాయాచిత్రాన్ని దిద్దినా, ఏప్రిల్ నెలలో ఆదాయపు పన్ను పత్రాలను అచ్చుకు పంపినా, తెర వెనుక మనకు తెలియకుండానే కొన్ని ఫైళ్ళు పుట్టి, తమ పని ముగియగానే అదృశ్యమవుతూ ఉంటాయి. వీటికి తాత్కాలిక ఫైళ్ళని పేరు. వంటయింట్లో తరిగిన కూరముక్కలను పోపు వేగేవరకు ఒక పళ్ళెంలో ఉంచుతాము. ఆ పళ్ళెం వడ్డనలో కనిపించదు. కాని అది లేనిదే వంట సాగదు. ప్రోగ్రాములకు తాత్కాలిక ఫైలు అటువంటి పళ్ళెం.

ఆ పళ్ళేనికి పేరు పెట్టడంలో చర్చించవలసినంత విషయం ఏమున్నదని పాఠకులు అడగవచ్చు. అమెరికాలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించిన అనేక ప్రసిద్ధ ప్రోగ్రాములలో, సరిగ్గా ఈ ఒక్క విషయంలో జరిగిన ఏమరుపాటు వలన, ఇతరుల ఫైళ్ళను నాశనం చేయగల అవకాశం దుర్బుద్ధి గలవారికి లభించింది. ఆ లోపాన్ని సవరించే మార్పు తరచు ఒక్క పంక్తికి మించదు. ఆ ఒక్క పంక్తిని మరొకరు శ్రద్ధగా చదివి 'సరే, చేర్చవచ్చు' అనడం ఎంత బాధ్యతతో కూడిన పనియో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన కుటుంబాలలో ఎందరో ఈ వృత్తిలో ఉన్నారు. వారు రోజంతా తెర ముందు కూర్చుని ఇతరులు వ్రాసిన దానిని ఎందుకు చదువుతారో ఇంట్లో మిగిలినవారికి కూడ తెలియడం మంచిదే కదా!

ఊరుమ్మడి చావడి

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ 1969లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రేహిల్‌లో, బెల్ ప్రయోగశాలలో, కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతులలో రూపుదిద్దుకున్నది. ఒకే యంత్రాన్ని అనేకమంది ఏకకాలంలో వాడుకొనడం దాని ముఖ్య లక్షణం. అందులో ప్రతి వాడుకరికి సొంత ఇల్లు వంటి ఒక డైరెక్టరీ ఉంటుంది. దానికి తాళం వేసుకొనవచ్చు. ఇవికాక, అందరూ వాడుకొనడానికి 'టెంప్' అనే ఉమ్మడి డైరెక్టరీ ఒకటి ఉంటుంది. యూనిక్స్ సంప్రదాయంలో పుట్టిన లినక్స్‌లోను, ఆపిల్ వారి మాక్ యంత్రాలలోను ఈ ఏర్పాటు నేటికీ ఉన్నది.

ఈ టెంప్‌ను ఊరి చావడితో పోల్చవచ్చు. చావడిలో ఎవరైనా మూట దింపుకొనవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. తొలినాళ్ళలో ఒక చిక్కు ఉండేది. ఆ డైరెక్టరీలో వ్రాసే హక్కు ఉన్న ప్రతివారికి అందులోని పరుల ఫైళ్ళను తొలగించే హక్కు కూడ ఉండేది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణం నుండి 1986లో వెలువడిన 4.3 బి.ఎస్.డి. అనే యూనిక్స్ రూపాంతరంలో దీనికి ఒక విరుగుడు కల్పించారు. 'స్టికీ బిట్' అనే గుర్తు గల డైరెక్టరీలో ఎవరి ఫైలును వారు, లేదా ఆ డైరెక్టరీ యజమాని, లేదా యంత్ర నిర్వాహకుడు మాత్రమే తొలగించగలరు. అంటే చావడిలో ఎవరి మూటను వారే తీయాలి.

అయినా ఒక సందు మిగిలిపోయింది. పాత మూటను తీయలేకపోయినా, క్రొత్త మూటను ముందుగా తెచ్చి పెట్టడానికి ఎవరికీ ఆటంకం లేదు. మన కథ అంతా ఈ సందులో నుండే నడుస్తుంది.

బస్సు కిటికీలోనుండి వేసిన తువ్వాలు

మన ఊళ్ళలో ఆర్టీసీ బస్సు ఆగగానే ఏమి జరుగుతుందో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. క్రింద నిలబడిన మనిషి కిటికీలోనుండి తొంగి చూస్తాడు. సీటు ఖాళీగా ఉన్నది. వెంటనే తలుపు వైపు పరుగెత్తి, గుంపును త్రోసుకొని లోపలికి చేరేసరికి ఆ సీటులో మరొకరు దర్జాగా కూర్చుని ఉంటారు. అతడు చూచినప్పుడు సీటు ఖాళీయే. అతడి పరిశీలనలో పొరపాటు లేదు. చూచిన క్షణానికి, కూర్చోబోయిన క్షణానికి మధ్య వ్యవధి ఉండడమే లోపం. అనుభవజ్ఞులు అందుకే చూడడం, తువ్వాలు వేయడం ఒకే ఊపులో ముగిస్తారు.

కంప్యూటరు ప్రోగ్రాము కూడ ఇదే పని చేస్తుంది. ఒక పేరు అనుకొని, 'ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉన్నదా?' అని వ్యవస్థను అడుగుతుంది. లేదని జవాబు వస్తే, ఆ పేరుతో ఫైలును తెరచి వ్రాయడం మొదలుపెడుతుంది. ఈ రెండు పనుల నడుమ సెకండులో వెయ్యవ వంతు గడిచినా చాలు. ఆ యంత్రం ఎన్నో ప్రక్రియలను వంతులవారీగా నడుపుతూ ఉంటుంది కనుక, ఆ స్వల్ప వ్యవధిలో మరొక ప్రక్రియ వచ్చి అదే పేరుతో వేరొకటి పెట్టివేయగలదు. ఇటువంటి దానిని శాస్త్రజ్ఞులు 'రేస్ కండిషన్', అంటే పందెపు స్థితి అంటారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాట్ బిషప్, మైఖేల్ డిల్గర్ అనే పరిశోధకులు ఫైళ్ళ వాడకంలోని ఈ రకపు లోపాలను విశ్లేషించి, ప్రోగ్రాము మూలపాఠాన్ని యంత్రం చేతనే చదివించి వాటిని పసిగట్టే పద్ధతిని 1996లో ప్రకటించారు.

దారి మళ్ళించే లంకె

సీటు పోతే నిలబడి ప్రయాణం చేయవచ్చు. కంప్యూటరులో నష్టం అంతటితో ఆగదు. 1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి.తో యూనిక్స్‌లో 'సింబాలిక్ లింకు' అనే సౌకర్యం వచ్చింది. ఇది ఫైలు కాదు. మరొక ఫైలు వైపు చూపే పలక. ఒక ఇంటి గుమ్మానికి 'ఈ ఇంటివారికి వచ్చే సరుకులను ఎదురింట్లో దింపండి' అని పలక కట్టినట్లు ఊహించండి. సరుకులు తెచ్చిన బండివాడు పలకను చదివి, ప్రశ్నించకుండా ఎదురింట్లో దింపి వెళతాడు. సక్రమంగా వాడుకుంటే ఇది ఎంతో ఉపయోగకరమైన సౌకర్యం.

ఇప్పుడు దుర్వినియోగం చూద్దాము. ఒక విశ్వవిద్యాలయంలో వందమంది విద్యార్థులు ఒకే యంత్రాన్ని పంచుకుంటున్నారనుకుందాము. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాలకు చదువుకు వచ్చిన మనవారికి ఇటువంటి ప్రయోగశాలలు సుపరిచితమే. ఒక ప్రోగ్రాము టెంప్‌లో ఏ పేరుతో ఫైలు సృష్టించబోతుందో ఒక తుంటరి ముందుగా ఊహించగలిగాడు. ఆ పేరుతో అతడు ఒక పలకను కట్టి ఉంచాడు. ఆ పలక చూపేది మరొక విద్యార్థి ఇంట్లో భద్రంగా ఉన్న సిద్ధాంత వ్యాసం వైపు. ఆ విద్యార్థి స్వయంగా ఆ ప్రోగ్రామును నడిపిన క్షణంలో, ప్రోగ్రాము ఆ పలకను అనుసరించి, తన తాత్కాలిక సమాచారాన్ని తీసుకువెళ్ళి ఆ సిద్ధాంత వ్యాసం మీదనే వ్రాసివేస్తుంది. వ్యవస్థ అడ్డు చెప్పదు. ఎందుకంటే తన ఫైలు మీద తాను వ్రాసే హక్కు ఆ విద్యార్థికి ఉన్నది. తుంటరి ఏ తాళమూ పగులగొట్టలేదు. ఇంటి యజమాని చేతనే ఇల్లు కూల్పించాడు.

ఆ ప్రోగ్రామును నడిపినది సర్వాధికారాలు గల యంత్ర నిర్వాహకుడే అయితే, పలక చూపేది అందరి ప్రవేశపదాలను దాచిన ఫైలు వైపే అయితే, నష్టం ఒక విద్యార్థితో పోదు. ఆసుపత్రి, బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయం మొదలైన వాటిని నడిపే యంత్రాలలో జరిగితే ఏమగునో ఊహించుకొనవచ్చు.

పేర్ల లెక్క

ఇక్కడ 'ఊహించగలిగాడు' అన్న మాట కీలకం. పేరును ఊహించడం ఎంత సులభం? యూనిక్స్‌లో నడిచే ప్రతి ప్రక్రియకు ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఒక మారని మాట వెనుక ఆ సంఖ్యను తగిలించి తాత్కాలిక ఫైలుకు పేరు పెట్టడం పాతకాలపు అలవాటు. ఇద్దరు వాడుకరుల ఫైళ్ళు పొరపాటున కలిసిపోకుండా ఉండడానికి అది చాలును. కాని ఆ సంఖ్యలు సాధారణంగా ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. లినక్స్‌లో చిరకాలం వాటి పరిమితి 32,768గా ఉండేది. ఇప్పుడు నడుస్తున్న సంఖ్య తెలిస్తే, రాబోయే కొన్ని వందల సంఖ్యలకు ముందుగానే పలకలు కట్టి ఉంచడం కష్టమేమీ కాదు.

'మేక్‌టెంప్' అనే పాత సౌకర్యం ఈ పని కోసమే ఏర్పడింది. కాని 4.3 బి.ఎస్.డి. పద్ధతిలో అది ప్రక్రియ సంఖ్యకు ఒక్క అక్షరాన్ని మాత్రమే చేర్చేది. ఆంగ్ల అక్షరాలు 26 కనుక ఒక ప్రక్రియకు దొరికే పేర్లు 26కు మించవు. తుంటరి ఆ 26 పేర్లనూ ఆక్రమిస్తే కథ ముగిసినట్లే.

దీనితో పోల్చి లినక్స్‌లో వాడే జి.ఎన్.యు. 'సి' గ్రంథాలయం పద్ధతిని చూడండి. అందులో ఆరు స్థానాలు ఉంటాయి. ఒక్కొక్క స్థానంలో చిన్న అక్షరాలు 26, పెద్ద అక్షరాలు 26, అంకెలు 10, వెరసి 62లో ఏదైనా రావచ్చు. 62ను ఆరుసార్లు హెచ్చిస్తే వచ్చేది 5,680 కోట్ల 2 లక్షల 35 వేల 584. తుంటరి శ్రమపడి పది లక్షల పలకలు కట్టినా, ఒకసారి ఎంచిన పేరు అతడి వలలో పడే అవకాశం సుమారు 56,800లో ఒక వంతు.

ఈ లెక్క చూచి చాలామంది తృప్తిపడతారు. 'పేరును యాదృచ్ఛికంగా మార్చాము, ఇక భయం లేదు' అంటారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. పేరు ఎంత పొడవైనా, ఎంత విచిత్రమైనా, 'ఉన్నదా?' అని అడిగి ఆ తరువాత తెరిచినంతకాలం, చూచిన క్షణానికీ కూర్చున్న క్షణానికీ మధ్య ఉన్న వ్యవధి పోలేదు. పేరు దుర్గ్రాహ్యం కావడం వలన ప్రమాదం అరుదు అవుతుంది గాని, నశించదు.

నశింపజేసేది వేరొక ఉపాయం. ఫైలును తెరిచేటప్పుడే 'ఈ పేరుతో ఏదీ లేకపోతేనే సృష్టించు. ఫైలు గాని, పలక గాని ఉంటే నిరాకరించు' అని వ్యవస్థను ఒకే ఆజ్ఞగా కోరవచ్చు. ఈ ఆజ్ఞను వ్యవస్థ అంతర్భాగమే విభజన లేకుండా నెరవేరుస్తుంది. చూడడం, తువ్వాలు వేయడం ఒకే క్రియ అయిపోతుంది. 'మేక్‌ఎస్‌టెంప్' అనే సౌకర్యం చేసేది ఇదే. పేరును కల్పించి, నిరాకరణ ఎదురైతే మరొక పేరుతో మళ్ళీ ప్రయత్నించి, చివరకు తెరిచిన ఫైలునే చేతికిస్తుంది. పాత మేక్‌టెంప్ పేరును మాత్రమే ఇచ్చి ఊరుకునేది. పేరును ఇవ్వడానికి, ఫైలును ఇవ్వడానికి ఉన్న ఈ భేదమే ఈ విషయానికంతటికీ సారం. పోసిక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం 2008 కూర్పులో మేక్‌టెంప్‌ను పూర్తిగా తొలగించింది. పైథాన్ భాషలో అదే పేరు గల సౌకర్యాన్ని 2003లో వెలువడిన 2.3 కూర్పు నుండి వాడవద్దని హెచ్చరిస్తున్నారు.

జీజిప్ చెప్పే పాఠం

సిద్ధాంతం చాలు, జరిగిన ఒక ఉదంతాన్ని పరిశీలిద్దాము. మాసచూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో జి.ఎన్.యు. అనే మహాప్రయత్నాన్ని ప్రకటించారు. ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల ప్రోగ్రాములతో ఒక సంపూర్ణ వ్యవస్థను నిర్మించడం దాని లక్ష్యం. ఆ ప్రయత్నానికై జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ 1992లో 'జీజిప్' అనే ప్రోగ్రామును అందించారు. ఫైళ్ళను కుదించి చిన్నవి చేయడం దాని పని. అప్పటివరకు వాడుకలో ఉన్న 'కంప్రెస్' అనే ప్రోగ్రాము పేటెంటు చిక్కులలో ఉండడంతో జీజిప్ త్వరలోనే ప్రపంచమంతటా వ్యాపించింది.

దీనితోపాటు కొన్ని చిన్న సహాయక ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో ఒకటి 'జీజెడ్ఎక్స్ఇ'. డిస్కులు చిన్నవిగా, ఖరీదైనవిగా ఉన్న ఆ రోజులలో ఇది ఒక చమత్కారం చేసేది. ఏదైనా ప్రోగ్రామును కుదించి ఉంచి, దానిని నడపబోయినప్పుడు అది తనను తానే టెంప్‌లో విప్పుకొని, నడిచి, ఆపైన విప్పిన రూపాన్ని చెరిపివేసేటట్లు చేసేది. ఆ విప్పిన రూపానికి పెట్టిన పేరు మనం పైన చెప్పుకున్నదే: ఒక మారని మాట, దాని వెనుక ప్రక్రియ సంఖ్య.

భద్రతా లోపాలకు వరుస సంఖ్యలిచ్చి జాబితా కట్టే సి.వి.ఇ. పద్ధతిని అమెరికాలోని మైటర్ సంస్థ 1999లో ప్రారంభించింది. ఆ 1999 వరుసలో 1332వ సంఖ్యతో ఈ లోపం నమోదైనది. నార్త్ కరోలినా రాష్ట్రానికి చెందిన రెడ్‌హ్యాట్ సంస్థ పంపిణీ చేసిన లినక్స్ 5.0లోను, అంతకు ముందరి విడుదలలలోను ఉన్న జీజెడ్ఎక్స్ఇ ద్వారా ఒక వాడుకరి మరొకరి ఫైళ్ళను చెరపవచ్చునని దాని సారాంశం.

లోపం తెలిసింది కనుక కథ ముగిసినదని అనుకుంటాము. ముగియలేదు. 2003 వరుసలో 367వ సంఖ్యతో అదే జీజిప్ మూటలోని 'జీన్యూ' అనే మరొక సహాయక ప్రోగ్రాములో సరిగ్గా ఇదే లోపం నమోదైనది. 2004 వరుసలో 970వ సంఖ్యతో 'జీడిఫ్'ను కూడ కలుపుకొని మూడు ప్రోగ్రాములూ మళ్ళీ జాబితాకెక్కాయి. ఒక తోబుట్టువుకు వచ్చిన జబ్బు తక్కినవారికి ఉన్నదేమో చూడడానికి సంవత్సరాలు పట్టింది.

అంతకంటె విచిత్రమైనది 2004 వరుసలోని 603వ సంఖ్య. జీజిప్ 1.3.3లోను, అంతకు పూర్వపు కూర్పులలోను, తాత్కాలిక ఫైలును సృష్టించడం విఫలమైతే జీజెడ్ఎక్స్ఇ పనిని ఆపివేయడానికి బదులు, తనకు అందించిన మాటనే ఆజ్ఞగా తీసుకొని నడిపించేది. ఇది పేరులోని లోపం కాదు. పేరు కుదరనప్పుడు ఏమి చేయాలన్న దానిలోని లోపం. దారి బాగున్నప్పుడు నడిచే ప్రోగ్రామును అందరూ పరీక్షిస్తారు. దారి మూసుకుపోయినప్పుడు అది ఎటు పోతుందో చూచేవారు తక్కువ.

మార్పును చదవడం ఎలా?

ఒకరు వ్రాసిన ప్రోగ్రామును ఇతరులు పద్ధతి ప్రకారం చదివి దోషాలు పట్టాలన్న భావనకు శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైఖేల్ ఫాగన్ ప్రముఖులు. ఆయన వ్యాసం 1976లో వెలువడింది. మార్పుల వరకే వేరుచేసి చూపే 'డిఫ్' అనే పరికరం 1970లలో బెల్ ప్రయోగశాలలో పుట్టింది. డిఫ్ చూపిన మార్పును దూరాన ఉన్న మరొకరు తమ ప్రతిలో తేలికగా కలుపుకొనడానికి లారీ వాల్ 1985లో 'ప్యాచ్' అనే ప్రోగ్రామును పంచిపెట్టారు. ఈ రెండింటి ఆసరాతోనే ఖండాంతరాలలో ఉన్నవారు ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకే ప్రోగ్రాము మీద పనిచేయడం సాధ్యమైనది. 1998లో ఈ విధానానికి 'ఓపెన్‌సోర్స్' అనే పేరు స్థిరపడింది.

డిఫ్ గొప్ప సౌకర్యమే గాని, దానిలో ఒక మాయ ఉన్నది. మారిన పంక్తులను, వాటి ఇరుగుపొరుగును మాత్రమే అది చూపుతుంది. మారవలసి ఉండి మారని పంక్తులు అందులో కనిపించవు. జీన్యూ, జీడిఫ్‌లు అలాగే తప్పించుకున్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాము. నివేదికలు తయారుచేసే ఒక ప్రోగ్రాములో తాత్కాలిక ఫైలు పేరు చివర ప్రక్రియ సంఖ్య ఉన్నది. ఒక ఉత్సాహవంతుడు దానికి యాదృచ్ఛిక అక్షరాలను జోడిస్తూ ఒక పంక్తిని మార్చి, పరిశీలనకు పంపాడు. పరిశీలకుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

మొదటిది: పేరును సృష్టించడం, ఫైలును సృష్టించడం ఒకే క్రియగా జరుగుతున్నదా? లేకపోతే ఆ యాదృచ్ఛిక అక్షరాలు అలంకారమే. సొంతంగా పేరు కల్పించుకొనే ప్రయత్నం మాని, పరీక్షకు నిలిచిన మేక్‌ఎస్‌టెంప్ వంటి సౌకర్యాన్ని వాడమని సూచించాలి.

రెండవది: ఆ ఫైలును ఎవరెవరు చదవగలరు? పాత జి.ఎన్.యు. 'సి' గ్రంథాలయంలో 2.06 కూర్పు వరకు, మేక్‌ఎస్‌టెంప్ సృష్టించే ఫైలు, వాడుకరి వేరే కట్టడి విధించుకోకపోతే, అందరూ చదివి వ్రాయగల అనుమతులతో పుట్టేది. ఆ తరువాతి కూర్పులలో యజమానికి మాత్రమే అనుమతి ఇచ్చారు. పేరు ఎంత రహస్యమైనా, తలుపు తెరిచి ఉంచితే ప్రయోజనం లేదు.

మూడవది: ఫైలును ఏ డైరెక్టరీలో పెడుతున్నారు? ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. మనం దాచుకున్న పత్రాన్ని మంచి ప్రోగ్రాములు నేరుగా చెరిపి వ్రాయవు. క్రొత్త ప్రతిని ముందు ఒక తాత్కాలిక ఫైలులో పూర్తిగా వ్రాసి, ఆపైన దానికి అసలు పత్రం పేరును ఒక్కసారిగా మారుస్తాయి. నడుమ కరెంటు పోయినా పాతదో, క్రొత్తదో ఏదో ఒకటి దక్కేటట్లు చేయడం ఇందులోని ఉద్దేశం. ఈ పేరుమార్పు ఒకే ఫైలు వ్యవస్థలో మాత్రమే సాధ్యం. టెంప్ చాలా యంత్రాలలో వేరొక ఫైలు వ్యవస్థలో ఉంటుంది. అందువలన 'తాత్కాలిక ఫైళ్ళన్నీ టెంప్‌లో ఉంటేనే శుభ్రం' అని సదుద్దేశంతో చేసిన మార్పు, ఈ రక్షణను మూగగా తొలగించివేయవచ్చు.

నాలుగవది: సృష్టి విఫలమైతే ఏమి జరుగుతుంది? డిస్కు నిండిపోవచ్చు, అనుమతి లేకపోవచ్చు. 2004 నాటి జీజెడ్ఎక్స్ఇ ఉదంతం ఈ ప్రశ్న విలువను చాటుతున్నది.

ఐదవది: పని ముగిశాక, లేదా మధ్యలో ఆగిపోయినా, ఆ ఫైలును ఎవరు తొలగిస్తారు? తొలగించనిచో వేల కొలది శిథిలాలు పేరుకుని డిస్కు నిండుతుంది. వాటిలో ఎవరి ఆదాయపు వివరాలో, వైద్య వివరాలో మిగిలిపోవచ్చు.

ఆరవది, అన్నింటికంటె ముఖ్యమైనది: ఇదే పద్ధతి ఈ ప్రోగ్రాములో ఇంకెక్కడ ఉన్నది? ఈ ప్రశ్నకు జవాబు పంపిన మార్పులో ఉండదు. పరిశీలకుడు తానై మొత్తం మూలపాఠాన్ని వెదకాలి.

ఇది గతించిన చరిత్రా?

'ఈనాడు ఎవరి ల్యాప్‌టాప్ వారిదే. ఒకే యంత్రాన్ని వందమంది పంచుకోవడం ఎక్కడున్నది?' అన్న సందేహం సమంజసమే. వ్యవస్థలు కూడ కొంత రక్షణ సమకూర్చుకున్నాయి. 2012లో వెలువడిన లినక్స్ 3.6 అంతర్భాగంలో, స్టికీ గుర్తు గల ఉమ్మడి డైరెక్టరీలలో పరులు కట్టిన పలకలను అనుసరించకుండా నిరాకరించే ఏర్పాటు చేరింది. 2013 నాటి 3.11లో అసలు పేరే లేని తాత్కాలిక ఫైలును సృష్టించే సౌకర్యం కలిగించారు. పేరు లేనిచో ఊహించవలసినదీ లేదు!

అయినా సమస్య సమసిపోలేదు. ఒకే యంత్రం మీద వేర్వేరు అధికారాలతో నడిచే సేవలు ఇప్పటికీ అనేకం. 2020లో జావా భాషలోని రెండు సుప్రసిద్ధ పరికరాలలో దీనికి సోదరప్రాయమైన లోపాలు నమోదైనాయి. ఒకటి గూగుల్ వారి గ్వావా గ్రంథాలయం. రెండవది ప్రోగ్రాములను పరీక్షించడానికి వాడే జెయూనిట్ 4. రెండింటిలోను తాత్కాలిక డైరెక్టరీని ఉమ్మడి చోటులో, ఇతర వాడుకరులు లోపల చూడగల అనుమతులతో సృష్టించడమే దోషం. ఇవి ఎందరో ప్రతిభావంతులు చదివిన ప్రోగ్రాములు.

అంతకంటె తీవ్రమైన హెచ్చరిక 2024 మార్చి నెలలో వచ్చింది. జీజిప్ వలెనే ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాములో, దూరపు యంత్రాలలోనికి చొరబడడానికి వీలు కల్పించే రహస్యద్వారం బయటపడింది. దానిని చాలాకాలం నమ్మకస్తుడైన సహాయకుని వలె మెలగిన ఒక వ్యక్తి చేర్చాడు. పరీక్షల కోసం ఉంచిన ఫైళ్ళలో విషాన్ని దాచి, దానిని మేల్కొలిపే పంక్తులను మాత్రం అందరూ చదివే మూలపాఠంలో గాక, పంపిణీకి కట్టిన మూటలో పెట్టాడు. పరిశీలకులు చదివినది ఒకటి, వాడుకరులకు అందినది మరొకటి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు, ఒక పని మామూలుకంటె సుమారు అర సెకండు ఆలస్యంగా జరుగుతున్నదేమని కూపీ తీయడం వలన అది దొరికింది. మూలపాఠం అందరికీ తెరిచి ఉన్నంత మాత్రాన అందరూ చదివినట్లు కాదని ఇది నిరూపించింది. ఎక్స్‌జెడ్ వంటి ప్రోగ్రాములను కాపాడేది తరచు ఒకరిద్దరు స్వచ్ఛంద సేవకులే. వారి అలసట కూడ భద్రతా సమస్యయే.

మన పిల్లలకు ఒక మాట

తెలుగువారికి ఈ పంచుకునే సంప్రదాయంతో పాత చుట్టరికమే ఉన్నది. కంప్యూటరులో తెలుగు అక్షరాలు దొరకని రోజులలో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరిట ఆర్.టి.ఎస్. అని ప్రసిద్ధికెక్కిన లిప్యంతరీకరణ పద్ధతితో ప్రవాసాంధ్రులు రోమను లిపిలో తెలుగు వ్రాసుకున్నారు. ఒకరు చేసినదానిని మరొకరు వాడి, దిద్ది, తిరిగి అందరికీ ఇవ్వడం మనకు తెలియని విద్య కాదు.

నేడు పాఠశాలలోనే ప్రోగ్రాములు వ్రాస్తున్న మన పిల్లలకు క్రొత్తది సృష్టించాలన్న ఉబలాటం సహజం. దానితోపాటు ఇతరులు వ్రాసినదానిని ఓపికగా చదివే అలవాటును కూడ పెద్దలు ప్రోత్సహించాలి. ఏదైనా ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామును ఎంచుకొని, అందులో తాత్కాలిక ఫైళ్ళు ఎక్కడెక్కడ పుడుతున్నవో వెదకమనండి. పైన చెప్పిన ఆరు ప్రశ్నలను ఒక్కొక్క చోట వేసి చూడమనండి. లోపం కనిపిస్తే దానిని బహిరంగంగా చాటకుండా, ఆ ప్రోగ్రామును కాపాడేవారికి మర్యాదగా, విడిగా తెలియజేయడం ఈ రంగంలోని సదాచారం. సవరణ సిద్ధమైన తరువాతనే లోకానికి వెల్లడిస్తారు. లోపమేదీ కనిపించకపోయినా ఆ శ్రమ వృథా కాదు. ఒక ప్రోగ్రామును ఆమూలాగ్రం చదివిన అనుభవం మిగులుతుంది. అటువంటి పాఠకులు ఎక్కువైనకొద్దీ ఒకరిద్దరి భుజాల మీద ఉన్న బరువు తగ్గుతుంది.